నీళ్ళు పోసుకున్న అల్లుడు

మా గుంటూరు అల్లుడు చిన్న వ్యానులో పడక అమర్చుకుని తమిళనాడులోని మా కోవిల్‌పట్టికి వచ్చాడు. దారిలో స్నానానికి అందులో వీలు లేదు. వ్యాను పైన నల్ల గొట్టం కట్టి, నీళ్ళు నింపి, చివర కొళాయికి మొక్కలకు నీళ్ళు పోసే డబ్బా చిల్లుల మూతి బిగించాను. మధ్యాహ్నానికి నీళ్ళు ఎండకే కాగాయి.

“అల్లుడా, వచ్చి నీళ్ళు పోసుకోండి” అన్నాను.

విరగబడి నవ్వాడు. “మామయ్యా, మావైపు నీళ్ళోసుకుందంటే కడుపుతో ఉందని! ఇదేం తెలుగండీ?”

ఇంటిల్లిపాదీ నవ్వారు. స్నానానికి మా అమ్మ నేర్పిన మాట అది. ఒళ్ళు మండింది.

అతను తలకు సబ్బు పట్టించాక కొళాయి కట్టేశాను.

“మామయ్యా, నీళ్ళు! కళ్ళు మండుతున్నాయి!”

“ఏం చేస్తా ఉండారు అల్లుడా?”

“స్నానం!”

కొళాయి తిప్పలేదు.

“నీళ్ళు... నీళ్ళు పోసుకుంటున్నానండీ!”

తిప్పాను.

మీవైపు ఏమంటారో చెప్పండి. నవ్వేవాళ్ళు మాత్రం ముందు సబ్బు కడుక్కుని రండి.