నావి కావన్న సీసాలు

ఈ మాట ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు చెప్పలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు నాకు నేను కూడా చెప్పుకోలేదు, చెప్పుకుంటే నోటికి అలవాటై ఎక్కడ ఎవరి ముందు జారిపడుతుందోనని భయం. ఇన్నేళ్లుగా ఆ భయంతోనే తిన్నాను, పడుకున్నాను, పిల్లలకు పాఠాలు చెప్పి పెన్షన్ దాకా వచ్చాను. ఇప్పటికీ ఇంటి ముందు జీపు ఆగితే లేచి వెనక తలుపు వైపు నడుస్తాను. ఇప్పుడు ఆగేవి కరెంటోళ్ల జీపులు, ఎన్నికలప్పుడు జెండాలు కట్టిన జీపులు. నాకు తెలుసు. అయినా ముందు చెమట పడుతుంది, తెలివి ఆ తర్వాత వస్తుంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. పేర్లు మాత్రం మార్చాను. నా పేరు అసలు రాయను. ఇంత చెప్పుకుంటూ పేరు దాచుకోవడం ఏంటంటారా? నిజమే. పిరికితనం ఒక్కరోజులో పోదు.

నాది కోరుట్ల. చదివింది సూక్ష్మజీవుల శాస్త్రం. జగిత్యాలలో ఒక చిన్న కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. మా అక్కను సిరిసిల్లలో ఇచ్చాం. బావ పేరు రాజేశం అనుకోండి. ఆయనకు ఇంటి కిందే నూలుకు గంజి పట్టించే షెడ్డు ఉండేది. మగ్గం ఎక్కే ముందు పడుగు నూలుకు గంజి పట్టకపోతే పోగులు తెగిపోతాయి. బావ మోచేతుల దాకా గంజి పూసుకుని తిరిగేవాడు, అన్నం దగ్గర కూడా చేతులకు ఆ తెలుపు పూర్తిగా వదిలేది కాదు. ఆ షెడ్డు నుంచి పులిసిన గంజి నీళ్లు పొద్దంతా మోరీలోకి పోయేవి.

ఆ నీళ్లను చూస్తే నాకు మనసు ఆగేది కాదు. చెరువు అడుగు బురదలో ఊదారంగు బాక్టీరియా ఉంటుంది. గాలి తగలనివ్వకుండా, వెలుతురు మాత్రం తగిలేట్టు ఉంచితే, పులిసిన నీళ్లలోని మురికిని తిని పెరుగుతుంది. పెరిగినకొద్దీ నీళ్లు గులాబీ రంగుకు, తర్వాత ఎరుపుకు, చివరికి బీట్‌రూట్ ఉడికించిన రంగుకు తిరుగుతాయి. అందులోంచి తీసి ఎండబెట్టిన పొడి చేపలకు, కోళ్లకు మంచి మేత. మిగిలిన నీళ్లు మడికి పారించేంత తేటపడతాయి. మోరీలో పోయేదాన్ని మేతగా, నీరుగా వెనక్కి తెచ్చుకోవడం! ఇప్పుడు దేశదేశాల్లో ఫోటోబయోరియాక్టర్లు అని పెద్ద పెద్దవి కడుతున్నారు. నా దగ్గర ఉన్నవి ఆస్పత్రుల వెనక పారేసిన గాజు గ్లూకోజు సీసాలు. రబ్బరు బిరడా గట్టిగా పడుతుంది, గాలి దూరదు. అంతకంటే మంచి పాత్ర నా జీతానికి దొరకదు.

సెలవు దొరికినప్పుడల్లా సిరిసిల్ల పోయి బావ డాబా మీద వాటిని వరసగా పేర్చాను. వెనక తగరపు రేకు నిలబెట్టాను, ఎండ రెండువైపులా తగలాలని. మబ్బు రోజులకని పైన తీగలు లాగి బల్బులు వేలాడదీశాను. సీసా లావైతే బయటివైపు పెరిగిన బాక్టీరియానే లోపలి దానికి నీడ అయిపోతుంది, లోపలిది ఆకలితో చస్తుంది. వెలుతురు ఎంత లోతుకు పోతుంది, గంజి ఎంత పలుచన చేయాలి, ఎండకు సీసా ఎంత వేడెక్కుతుంది, ఇవన్నీ కలిపి గ్రాఫు కాగితాల మీద ఒక నమూనా కట్టాను. కాగితం మీద గీత పైకి పోయేది. సీసాల్లో ఎప్పుడూ అంత పెరిగేది కాదు. బావ నవ్వేవాడు.

"కాయితం మీద పంట మంచిగనే అచ్చింది బామ్మర్దీ. సీసలనే రాలే."

ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. దానికే నేను ఎక్కువ భయపడతాను.

పులిసే నీళ్లు గాలి వదులుతాయి. అందుకని ప్రతి బిరడాకు ఒక సూది గుచ్చి, సూదికి సన్నని పైపు తగిలించి, ఆ పైపు కొసను నీళ్లున్న చెంబులో ముంచేవాణ్ణి. లోపలి గాలి బుడగలుగా బయటికి వస్తుంది, బయటి గాలి లోపలికి పోదు. వచ్చే గాలి మాత్రం కంపు. గల్లీలో ఎదురింటి నర్సవ్వకు అది నేరుగా కొట్టేది. ఆమె బీడీలు చేసేది. ఒంటరి మనిషి. ఆమె ఇంటి అరుగు మీద గల్లీ ఆడవాళ్లంతా చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చుని బీడీలు చుట్టేవాళ్లు. ఒకరోజు నేను డాబా ఎక్కుతుంటే అందరి ముందూ అరిచింది.

"ఓ సారూ, ఏం కుళ్లవెడుతున్నవయ్యా మీద? అన్నం బుక్క నోట్ల వెట్టుకోబుద్ధయితలేదు!"

ఆడవాళ్లు పకపకా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. చదువుకున్నవాణ్ణి, సారును, నన్ను పట్టుకుని కుళ్లబెడుతున్నావంటుందా? ఆ కోపంలోనే పైకి పోయి సూదులన్నీ పీకేశాను. రంధ్రాల మీద మైనం కరిగించి పోశాను. సాయంత్రం మళ్లీ గుచ్చుదాంలే అనుకున్నాను. అది ఎండాకాలం. సీసాల్లో కొత్తగా గంజి నీళ్లు పోసింది ఆ పొద్దున్నే. పులిసేదాన్ని ఎండలో మూత బిగించి పెట్టకూడదని నా క్లాసులో చివరి బెంచీవాడిక్కూడా తెలుసు.

మీకు ఆ రోజులు తెలుసో లేదో. గోడల మీద ఎర్ర రాతలు రాత్రి పుట్టేవి, పగలు పోలీసులు సున్నం కొట్టించేవాళ్లు. అడవిలోని నక్సలైట్ అన్నలకు అన్నం పెడితే ఒక భయం, పెట్టకపోతే ఇంకో భయం. జగిత్యాల బస్టాండులో చదువుకున్న కుర్రాణ్ణి చూస్తే జేబులు తడిమేవాళ్లు. నా క్లాసులో ముందు వరసలో కూర్చునే పిల్లవాణ్ణి ఒకణ్ణి తీసుకుపోయారు. హాజరు వేసేటప్పుడు అతని పేరు దాటేసి చదవడం నేర్చుకున్నాను. ఆ వారం ఎల్లంతకుంట వైపు ఏదో జరిగిందని సిరిసిల్ల నిండా పోలీసులే.

మధ్యాహ్నం నేను కింద అన్నం తింటున్నాను. అక్క అప్పుడు అమ్మకు బాగాలేదని కోరుట్ల పోయింది. పైన ఢాం అంది. వెంటనే ఇంకొకటి. ఒక సీసా పగిలితే ఆ దెబ్బకు పక్కది, దాని పక్కది. గాజు పెంకులు గల్లీలో రాలాయి. అప్పుడు ఇంకొకటి జరిగింది, నన్ను ఎక్కువ భయపెట్టింది అదే. మగ్గాలు ఆగిపోయాయి. పొద్దున లేస్తే పడుకునేదాకా చెవుల్లో మోగే ఆ చప్పుడు ఒక ఇంటి తర్వాత ఒక ఇంట్లో ఆగిపోతూ వచ్చింది. బాంబనుకుని అందరూ తలుపులు వేసుకున్నారు. సిరిసిల్లలో అంత నిశ్శబ్దం నేను మళ్లీ వినలేదు.

జీపు నర్సవ్వ ఇంటి ముందు ఆగింది. అక్కడ గల్లీ సన్నబడుతుంది, ముందుకు పోదు. ఆమెను ఏదో అడిగారు. ఆమె తల అడ్డంగా ఊపింది. తలుపు సందుల్లోంచి అందరూ చూశారు. చూసింది అంతే. ఆ తర్వాత పోలీసులు మా మెట్లెక్కారు, వాళ్ల వెనకే నేనూ ఎక్కాను.

డాబా అంతా ఎర్ర నీళ్లు. పగలని సీసాల నిండా ఎరుపు. తీగలు, బల్బులు, సూదులు, పైపులు. ఎస్సై చూపు గ్లూకోజు సీసాల మీద ఆగింది. ఆయన ఏమనుకుంటున్నాడో నాకు అప్పుడు అర్థమైంది. దెబ్బలు తగిలిన దళం మనుషులకు గ్లూకోజు ఎక్కించారని కాంపౌండర్లను తీసుకుపోతున్న రోజులవి.

"ఎవడివిరా ఇవి? ఎవడికి ఎక్కిస్తున్నారు?"

నేను చెప్పాల్సింది చాలా చిన్న మాట. నావి సార్, నేను లెక్చరర్ని, ఇది బాక్టీరియా. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ లెక్చరర్ అన్న మాటే నన్ను చంపుతుందనిపించింది. హాజరులో నేను దాటేసే పేరు గుర్తొచ్చింది. అప్పుడు నా నోరు ఇలా అంది.

"నావి కావు సార్. మా బావవి. నేను చూడనీకి అచ్చిన."

బావ నా వెనకే మెట్ల మీద ఉన్నాడు. ఉన్నాడని నాకు తెలుసు. ఇది కూడా ఒప్పుకోవాలి కదా? తెలిసే అన్నాను. తిరిగి చూశాను. బావ చేతుల నుంచి గంజి కారుతోంది. నా వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే నేను ఈపాటికి మర్చిపోయేవాణ్ణేమో.

"ఔ సార్, నావే," అన్నాడు. "గీ పిల్లగానికేం తెల్వది. పంతులు గాయినె. ఇడిసిపెట్టుండ్రి."

చేతులు కడుక్కుంటానని అడిగాడు. కడుక్కోనివ్వలేదు. జీపెక్కేటప్పుడు ఆయన పట్టుకున్న చోట కడ్డీ మీద తెల్లగా గంజి అంటుకుంది. నేను అక్కడే నిలబడ్డాను. భయం పోలేదు. కానీ ఆ భయం కింద ఒక ఊరట కూడా ఉంది, నన్ను తీసుకుపోలేదని. అన్నిటికంటే సిగ్గుపడేది దానికే.

బావ చాలా వారాలకు తిరిగొచ్చాడు. రావడమే గొప్ప అన్నారందరూ. కుడిచేతి వేళ్లు ముడుచుకోవు. తెగిన పోగును అతకాలంటే బొటనవేలు, చూపుడువేలు కలవాలి. ఆయనవి కలవవు. షెడ్డు మూతపడింది. తర్వాత బతికినంతకాలం ఎవరి మిల్లు ముందో కాపలా కూర్చున్నాడు.

ఇక అక్క. కోరుట్ల నుంచి వచ్చిన రోజే గల్లీలో అడిగింది, జీపు ఎక్కడ ఆగిందని. నర్సవ్వ ఇంటి ముందు అన్నారు. అంతే. వాసన గురించి గొడవపడ్డ మనిషి, పోలీసులతో మాట్లాడిన మనిషి, సీసాలు బావవని ఇంకెవరు చెప్తారు? అక్క ఆమెతో మాట మానేసింది. గల్లీ కూడా మానేసింది. పెళ్లికి పిలవలేదు, చావుకు పిలవలేదు. బీడీలు చుట్టే ఆడవాళ్లు చాటలు తీసుకుని వేరే అరుగు మీదికి మారారు. నేను పోయినప్పుడల్లా చూసేవాణ్ణి. అంత పెద్ద అరుగు మీద నర్సవ్వ ఒక్కతే కూర్చుని, తల వంచుకుని తునికాకు కత్తిరించుకుంటూ ఉండేది. నన్ను చూస్తే "మంచిగున్నవా సారూ" అనేది. నేను తల ఊపి లోపలికి పారిపోయేవాణ్ణి.

బావ మాత్రం అనేవాడు, "నర్సవ్వ అసుంటిది గాదు. అనకు."

"మరెవలు జెప్పిండ్రు?" అని అక్క గయ్యిమనేది.

బావ నేల చూసేవాడు. నేను కంచం చూసేవాణ్ణి.

ఒక్కసారి ప్రయత్నించాను. సిరిసిల్ల బస్టాండులో నన్ను సాగనంపడానికి వచ్చాడు. "బావా, ఆ రోజు..." అన్నాను. "బస్సచ్చింది, ఎక్కు. సీటు దొరకది," అన్నాడు. బస్సు అప్పుడే రాలేదు. ఆయన నన్ను క్షమించాడా? అక్కకు తమ్ముడు మిగలాలని దాచాడా? లేక నా నోట ఆ మాట వినడానికి ఆయనక్కూడా భయమేసిందా? కొన్నేళ్ల కింద పోయాడు. ఇక అడగడానికి లేదు.

పోయిన నెల అక్క ఫోన్ చేసింది. అవీ ఇవీ మాట్లాడి చివర్లో అంది, "నర్సవ్వ మంచం వట్టింది. పోతదట. పోనీ. ఆమె గడప నేను తొక్క."

ఫోన్ పెట్టేశాక కూర్చోలేకపోయాను. ఆమె పోతే ఆ మచ్చతోనే పోతుంది. జగిత్యాలలో బస్సెక్కాను. వేములవాడలో దిగి వెనక్కి పోదామని లేచి నిలబడ్డాను కూడా. దిగేవాళ్లు ఎక్కువై తలుపు దగ్గరికి పోలేకపోయాను. ధైర్యంతో పోయానని అనుకోకండి.

అక్క చింతపండులో గింజలు తీస్తోంది. నిలబడే చెప్పాను. "అక్కా, పోలీసులకు జెప్పింది నర్సవ్వ గాదు. సీసలు బావయని నేనే జెప్పిన. నాయని ఒప్పుకోలే."

తిడుతుందనుకున్నాను. కొడితే బాగుండనుకున్నాను. చేతిలో గింజ అక్కడే వదిలేసి ఒక్క మాట అడిగింది.

"ఆయినెకు ఎరికేనా?"

"ఎరికే. నా ఎనుకనే ఉండె."

అప్పుడు అక్క మొహం చూడలేకపోయాను. అంతకాలం పక్కన పడుకున్న మనిషి కూడా తనకు చెప్పలేదన్నమాట. నేను ఆయన వేళ్లు మాత్రమే తీసుకున్నాననుకున్నాను. అక్క లేచింది. చేతులు కడుక్కుంది. చెప్పులేసుకుని గల్లీ దాటింది. నర్సవ్వ గడప దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండా, "నువ్వు గూడ రా," అంది. "నేను జెప్పుడేంది? నువ్వే జెప్పు."

నర్సవ్వ మంచంలో చిన్నపిల్లంత అయిపోయింది. కళ్లు మాత్రం అవే. అక్క ఆమె కాళ్ల దగ్గర కూలబడి ఏడుస్తోంది. నేను వంగి అంతా చెప్పాను, మైనం సంగతితో సహా. ఆమె విన్నది. సగం విన్నదేమో అనుకుని మళ్లీ మొదలుపెట్టబోయాను. చెయ్యెత్తి ఆపింది.

"నాకెందుకు జెప్తున్నవ్ సారూ? నేను జెప్పలేదని నాకెర్కలేదా?" అంది. ఊపిరి తీసుకుంది. "బయట జెప్పు. అరుగు మీద కూసోని జెప్పు."

బయటికొచ్చాను. ఆమె కోసం వచ్చిన ఆడవాళ్లు కొందరు అరుగు మీద ఉన్నారు. పడుచులు, కోడళ్లు. అప్పటివాళ్లు ఒక్కరూ లేరు. చుట్టూ మగ్గాలు మోగుతున్నాయి. చప్పుడు మీద వినబడాలని గట్టిగా అన్నాను, "ఆ సీసాలు నావి."

వాళ్లు మొహాలు చూసుకున్నారు. ఒకమ్మాయి కొంచెం జరిగి చోటిచ్చింది.

"ఏం సీసలు తాతా?" అంది.

అరుగు మీద కూర్చున్నాను. మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాను.