నేను పెట్టని సంతకం

అమెరికాలో ఒక మసీదు కోసం నిలబడ్డ క్రైస్తవుల గురించి, యూదుల గురించి, ఒక ముసలి నాస్తికుడి గురించి నేను రాసిన వ్యాసాన్ని మెచ్చుకున్నంతగా నా రాతల్లో దేన్నీ ఎవరూ మెచ్చుకోలేదు. ఒంగోలులో సభ పెట్టి మరీ చదివించారు. చప్పట్లు కొట్టారు. ఆ వ్యాసంలో అబద్ధం ఒక్కటి కూడా లేదు. ఒక్క సంగతి మాత్రం రాయలేదు. అది రాయలేదు కాబట్టే వ్యాసం అంత బాగా వచ్చింది.

మాది పర్చూరు దగ్గర ఊరు. బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాను. మా ఇంటికి ఎదురుగా, రోడ్డుకు తూర్పు పక్కన, పరుపులు కుట్టే ఆయన దుకాణం ఉంది. తాతల నాటి నుంచి దూది ఏకిన కుటుంబం. ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. నేను పడుకునే పరుపు కూడా ఆయన కుట్టిందే. ఊళ్లో ఉన్న కొద్దిపాటి ముస్లిం కుటుంబాలు దుకాణం వెనక రేకుల షెడ్డులో నమాజు చేసుకునేవాళ్లు. ఒక తుఫానుకి ఆ రేకులు లేచి మిరప చేలో పడ్డాయి. గోడలు నానిపోయాయి. ఈసారి స్లాబు వేసుకుందామనుకున్నారు. చుట్టూ ఉన్న ఏడిళ్లవాళ్లూ తమకు అభ్యంతరం లేదని సంతకాలు చేసి ఇస్తేనే అనుమతి అన్నారు పంచాయతీ ఆఫీసులో.

ఆయన ఆ కాగితం పట్టుకుని మొదట నా గుమ్మమే ఎక్కాడు. చొక్కా మీద దూది పింజలు అలాగే ఉన్నాయి.

"మొదటి సంతకం మీదైతే మిగతావాళ్లు మారుమాట్లాడకుండా పెడతారు మాస్టారూ."

"నా సంగతి తెలిసి కూడా అడుగుతున్నావేంటయ్యా?"

"తెలిసే అడుగుతున్నానండి. మీకు ఎవరి దేవుడైనా ఒకటేగా."

"ఒకటే కాబట్టే పెట్టను. గుడికీ పెట్టను, చర్చికీ పెట్టను, నీకూ పెట్టను. లైబ్రరీ కడతానని రా, రెండు చేతులతో పెడతా."

ఆయన నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, "మా నాన్నకి మోకాళ్లు అరిగిపోయాయండి. పక్కూరి మసీదుదాకా ఆటోలో కూడా కూర్చోలేడు. శుక్రవారం నలుగురితో కలిసి నమాజు చేసుకోవాలని ఒకటే గోల" అన్నాడు.

"ఆయన్ని నా దగ్గరికి పంపించు. నమాజు కంటే మంచి కాలక్షేపం చూపిస్తా."

అప్పుడది నాకు చమత్కారంగానే అనిపించింది. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "వస్తానండి" అని మెట్లు దిగాడు.

నా తరఫున ఒక మాట చెప్పుకోవాలి. ఇరవై ఏళ్ల వయసులో, గుంటూరులో చదువుకునేటప్పుడు, మా హేతువాద మిత్రులం కొందరం కలిసి ఒక నియమం పెట్టుకున్నాం. ఏ మతం ప్రార్థనా స్థలానికైనా చందా ఇవ్వకూడదు, సంతకం పెట్టకూడదు, ప్రారంభానికి వెళ్లకూడదు. మిగతావాళ్లు ఒక్కొక్కరే గృహప్రవేశాల దగ్గర, పెళ్లిళ్ల దగ్గర జారిపోయారు. నేను జారలేదు. అది నాకు గర్వం. ఆ రోజు కూడా భోజనానికి కూర్చుంటూ మా ఆవిడతో, "మొహం మీదే చెప్పేశా" అన్నాను. ఆమె పచ్చడి వేస్తూ, "చెప్పడానికి ఆయన బానే దొరికాడు" అంది. ఆ మాట నేను పట్టించుకోలేదు.

కొన్ని నెలలకు, ఆ పాత మిత్రుల్లో ఒకడు అమెరికా నుంచి పిలిచాడు. అక్కడి తెలుగువాళ్ల సమావేశాల్లో మూఢనమ్మకాల మీద మాట్లాడటానికి నెల రోజులు వెళ్లాను. ఒక సాయంత్రం వాడు, "ఒరేయ్, మా ఊరి పంచాయితీ చూద్దువుగాని రా" అని టౌన్ హాలుకి తీసుకెళ్లాడు. మూతపడిన ఫర్నిచర్ షాపును ముస్లింలు కొనుక్కుని మసీదు చేసుకుంటామన్నారట. దాని మీద ఊరివాళ్లు మాట్లాడే రోజది.

వద్దన్నవాళ్లలో ఒక్కరు కూడా మతం మాటెత్తలేదు. కార్లు ఎక్కడ ఆపుతారన్నారు. మురుగు కాలవ చాలదన్నారు. చివరి వరసలో తలకు గుడ్డలు చుట్టుకున్న ఆడవాళ్లు నలుగురు, వాళ్ల మధ్య ఒక వృద్ధుడు చేతికర్ర మీద గడ్డం ఆనించి వింటున్నారు. తమ ప్రార్థన గురించి మురుగు కాలవ భాషలో మాట్లాడుతుంటే వినడం ఎలా ఉంటుందో వాళ్ల మొహాలు చూస్తే తెలిసింది.

తర్వాత ఎదురుగా ఉన్న చర్చి పాస్టరమ్మ లేచింది. "శుక్రవారం మధ్యాహ్నం మా చర్చి ఆవరణ ఖాళీగానే ఉంటుంది. కార్లు అక్కడ ఆపుకోమనండి. ఆదివారం మాకు చాలకపోతే వాళ్ల చోటు వాడుకుంటాం" అని కూర్చుంది. ఒక యూదు పెద్దావిడ, తన చిన్నప్పుడు తమ ప్రార్థనా మందిరం కట్టుకోబోతే కూడా ఈ కార్ల గొడవే తెచ్చారని చెప్పింది. ఆఖరికి ఒక ముసలాయన మైకు దగ్గరికొచ్చాడు. ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి.

"నాకు దేవుడు లేడు. ఉన్నాడనేవాళ్లతో యాభై ఏళ్లుగా పోట్లాడుతున్నాను. వీళ్లకి కూర్చునే చోటే లేకుండా చేస్తే నేనెక్కడికి పోయి పోట్లాడాలి?"

హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. "వాళ్ల నమ్మకం తప్పని చెప్పే హక్కు నాకుంది. వాళ్ల కప్పు ఆపే హక్కు లేదు" అని వెళ్లిపోయాడు.

నా మిత్రుడు మోచేత్తో పొడిచాడు. "అచ్చం నీలాంటోడేరా."

నేను తల ఊపాను. చేసిన తప్పుల్లో నన్ను ఎక్కువ బాధపెట్టేది సంతకం పెట్టకపోవడం కాదు, ఆ తల ఊపడం. ఎందుకంటే ఆ క్షణంలో నాకు పరుపుల ఆయన జేబులోని కాగితం గుర్తొచ్చింది. గుర్తొచ్చాకే తల ఊపాను.

మా ఊరి గుడికి కొత్త మండపం లేచినప్పుడు నా సంతకం ఎవరూ అడగలేదు. పాలెంలో చర్చి కట్టుకున్నప్పుడూ అడగలేదు. నలభై ఏళ్లలో ఆ నియమం అడ్డుపడింది ఒకే ఒక్క మనిషికి. అందరికీ సమానంగా పెట్టుకున్న గోడ ఒక్కడి దారిలోనే లేచిందంటే, దానికి నేను ఏ పేరు పెట్టుకుని తిరుగుతున్నానో ఆలోచించుకోవలసింది. ఆలోచించుకోలేదు. తిరిగొచ్చి వ్యాసం రాశాను. మన దేశంలోనూ అలాంటి నాస్తికులు కావాలని ముగించాను.

అది అచ్చయిన నెలకు పరుపుల ఆయన పత్రిక పట్టుకుని వచ్చాడు.

"బాగా రాశారు మాస్టారూ. మా నాన్నకి చదివి వినిపించానండి. ఆ కప్పు మాట రెండుసార్లు చదివించుకున్నాడు."

"అలాగా" అన్నాను.

"ఆ ముసలాయన మన ఊళ్లో ఉంటే సంతకం పెట్టేవాడంటావా అని అడిగాడండి మా నాన్న."

ఎత్తిపొడుపేమో అని మొహం చూశాను. కాదు. తండ్రి అడిగాడు, కొడుకు చెప్పాడు, అంతే. ఎత్తిపొడుపైతే తట్టుకునేవాణ్ణి, వాదించి గెలవడం నాకు అలవాటే.

"కాగితం ఉందా?" అన్నాను.

"అది చెల్లదండి ఇప్పుడు. మీరు పెట్టలేదని తెలిశాక ఎవరూ పెట్టలేదు. చదువుకున్నాయన, ఏ మతమూ లేనాయన, ఆయనే వద్దన్నాడంటే ఏదో ఉండే ఉంటుందన్నారు."

నేను వద్దనలేదు, పెట్టనన్నాను. ఈ రెండింటి మధ్య తేడా మీద ఒకప్పుడు గంటసేపు ఉపన్యాసం ఇవ్వగలిగేవాణ్ణి. కొత్త కాగితం నా చేత్తోనే రాశాను. మొదటి సంతకం పెట్టి, ఆయన్ని దుకాణానికి పంపేసి, ఒక్కణ్ణే ఇల్లిల్లూ తిరిగాను.

చర్చికి వెళ్లే టీచరమ్మ కాగితం తిప్పి తిప్పి చూసింది. "ముందు మీరు పెట్టారా? ఏదీ?" నా పేరు మీద వేలు పెట్టి చదువుకుని, "ఆలస్యంగా పెట్టారండీ" అంటూ తనూ పెట్టింది. మిగతా నలుగురు నన్ను కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, నా పాత మాటలన్నీ నాకే అప్పజెప్పి, చివరికి పెట్టారు.

ఏడో ఇల్లు గుడి కమిటీ రైతుది. కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్నాడు. ఘాటుకి నాకు దగ్గొచ్చింది.

"ఏ దేవుడికీ పెట్టనన్నారుగా మాస్టారూ. ఈ దేవుడెట్టా కనపడ్డాడు మీకు?"

"దేవుడి కోసం కాదయ్యా. ఆ దుకాణంలో ముసలాయన కోసం."

"ముసలాయన అప్పుడూ ఉన్నాడుగా."

నేను కాగితం ముందుకు చాపాను.

"మీ మాట పట్టుకునే నేనూ ఆగాను. ఇప్పుడు మీరు మారారని నన్ను మారమంటే ఎట్టాగండి? కాయ మార్కెట్ యార్డుకెళ్లనివ్వండి, చూద్దాం." మళ్లీ కాయల వైపు తిరిగాడు.

కాయ యార్డుకు వెళ్లింది. అతని దగ్గరికి నాలుగుసార్లు వెళ్లాను. ఇంకా చూస్తూనే ఉన్నాడు. షెడ్డు మీద టార్పాలిన్ కట్టుకున్నారు, వానకి అదీ ఆగదు. మిగతావాళ్లు పక్కూరి మసీదుకి వెళ్తే, మోకాళ్ల పెద్దాయన శుక్రవారం మధ్యాహ్నం దుకాణం అరుగు మీద కుర్చీ వేయించుకుని ఒక్కడే నమాజు చేసుకుంటాడు. కుర్చీని మక్కా వైపు, పడమటికి తిప్పుకుంటాడు. రోడ్డుకు పడమట ఉన్నది మా ఇల్లే. ఆయన చూపు కిందికే ఉంటుంది, నన్ను చూడడు. అయినా ఆ వేళకి నేను వరండాలో కూర్చోవడం మానేశాను.