చెయ్యి పెట్టని జోల్దోష్

మా కొండ ఊరు కోచ్‌కోర్‌లో జోల్దోష్‌ను మించిన మెకానిక్ లేడు. కానీ అతని చేతికి నూనె మరక అంటగా చూసినవాడూ లేడు. షెడ్డులో ఎత్తుపీట మీద కూర్చుని, టీ గిన్నె పట్టుకుని అరుస్తాడు. పని మాత్రం కారు తెచ్చినవాళ్లే చెయ్యాలి.

గుర్రప్పందేల్లో మూడు జిల్లాలను ఓడించినవాణ్ణి, మంచులో డోలన్ కనుమ మీద లారీ నడిపి పతకం అందుకున్నవాణ్ణి, నన్ను కూడా నా జీపు కింద పాకించాడు.

"నేనెవరో తెలుసా?" అన్నాను కిందనుంచి.

"తెలుసు తాతా. మీ పతకం నట్టుకు అడ్డమొస్తోంది, కాస్త పక్కకు జరపండి."

ఆ షెడ్డుకే ఓ రోజు మా ఊరి పిల్ల ఐపెరి కారుతో హడావిడిగా వచ్చింది. మర్నాడు చెల్లెలి పెళ్లి. పెళ్లికొడుకు ఇల్లు కనుమ అవతల నారిన్‌లో. పెళ్లికూతుర్ని తన ఎర్రకారులోనే తీసుకెళతానని మాటిచ్చింది. జపాన్‌నుంచి వచ్చిన ఆ పాత స్పోర్ట్స్ కారేమో ఆగితే రొప్పుతోంది, కదిలితే మేకపిల్లలా గెంతుతోంది. "గాడిదమీద పంపండి, ముందొస్తుంది" అని పెళ్లికొడుకు మేనమామ అప్పుడే వెటకారం చేశాడు. పిల్ల పరువంతా ఆ ఇంజన్‌లో ఇరుక్కుంది.

జోల్దోష్ కళ్లు మూసుకుని చప్పుడు విన్నాడు. "యాక్సిలరేటర్ ఎంత తొక్కావో ఇంజన్‌కు చెప్పే సెన్సర్ అబద్ధాలాడుతోంది. దాని రెండు స్క్రూలూ వదులు చెయ్యి."

"రేపే పెళ్లి బైకే! నువ్వే చేసెయ్యరాదూ?" అంది ఐపెరి. మావైపు అన్నయ్యను బైకే అంటాం.

"పెళ్లి నాదా?"

ఐపెరి పళ్లు నూరుతూ స్క్రూలు వదులు చేసింది, కరెంటు కొలిచే మీటరు తీగలు తగిలించింది, సెన్సర్ తిప్పింది.

"అమ్మో! కుండమూత తిప్పుతున్నావా? వెంట్రుకవాసి చాలు!"

"అంతే తిప్పాను!"

"అది వెంట్రుక కాదు, గుర్రం తోక!"

పొద్దువాలేసరికి మీటరు ముల్లు చోటుకొచ్చింది. ఇంజన్ మీగడ తిన్న పిల్లిలా మెత్తబడింది. "సోమరిపోతు!" అని తిట్టుకుంటూ వెళ్లింది ఐపెరి.

మర్నాడు పెద్దరికానికి నేను ముందు సీట్లో, పెళ్లికూతురు వెనక. కనుమ నడినెత్తిన, గతుకులకు స్క్రూలు సడలి, కారు గెంతి గెంతి ఆగిపోయింది. వెనక పెళ్లివారి హారన్లు. ఫోన్లు పలకవు. పెళ్లికూతుర్ని తీసుకెళ్లడానికి వచ్చిన మేనమామ వెనక కారు దిగి వచ్చాడు.

"గాడిదను పిలిపించమంటారా?"

ఐపెరి పట్టుగౌను చేతులు పైకి మడిచి బానెట్ ఎత్తింది. డిక్కీలో మీటరుంది. క్రితంరోజు జోల్దోష్ "దీన్ని పారెయ్యాలి, దారిలో ఎక్కడైనా విసిరెయ్" అంటూ తనే అందులో పడేశాడు.

"మామయ్యా, ఈ తీగ పట్టుకోండి. ఊపిరి కూడా మెల్లగా!"

"నేనా?"

"పెళ్లి మీవాడిదేగా!"

వెంట్రుకవాసి తిప్పి బిగించింది. ఇంజన్ కుదురుగా పలికింది. పెళ్లికొడుకు గుమ్మంలో ముందు ఆగింది ఎర్రకారే. నల్లబడిన చేతులతో మేనమామే తలుపు తీశాడు.

తిరిగొచ్చాక జోల్దోష్‌ను నిలదీశాను. "అందుకేనా నువ్వు చెయ్యి పెట్టనిది?"

"కనుమ మీద నా షెడ్డు లేదు కదా తాతా" అన్నాడు, ఎటో చూస్తూ.

అంతలో ఐపెరి పెళ్లి మిఠాయి తెచ్చింది. జోల్దోష్ ఆమెకు గిన్నె నిండా టీ పోశాడు. మావైపు అతిథికి సగమే పోస్తాం. నిండా పోస్తే ఇక వెళ్లిరమ్మని.

"నీకిక నాతో పనిలేదు పిల్లా."

ఐపెరి గుటగుటా తాగేసి, ఇంకో పీట లాక్కుని అతని పక్కన కూర్చుంది.

"పని వచ్చేసింది బైకే. ఇక అరవడం నేర్పు."