రెడ్డెమ్మ కుడిచెయ్యి

రెడ్డెమ్మ ఈమధ్య ఎక్కడికెళ్లినా కుడిచెయ్యి చున్నీ కిందే దాచుకుంటోంది. ఎడమ భుజానికి ఎప్పటిలాగే పిల్లిని మోసే సంచి వేలాడుతుంది. రాయచోటి నుంచి కువైట్ వచ్చి, తను 'మామా' అని పిలిచే ఇంటి యజమానురాలి కూతురు నూరాను సాకుతోందామె. ఆ పిల్లను నలుగురిలోకి తీసుకెళ్తే ఒళ్లో పిల్లి ఉండాలి, లేకపోతే ఊపిరాడదు. పిల్లి కూర్చున్న ప్రతి కుర్చీనీ రెడ్డెమ్మ తడిగుడ్డతో తుడిచి మరీ లేస్తుంది.

ఊళ్లో షర్క్ అనే పేటలో వాళ్లు వెళ్లే పంటి ఆసుపత్రిలోకి జంతువుల్ని రానివ్వరు. ఆవేళ గుమ్మం దగ్గర కాపలా ఉన్నవాడు కోనసీమ గంగరాజు. అతని నోట తెలుగు వినగానే రెడ్డెమ్మకు ప్రాణం లేచొచ్చింది. "అన్నా, మనోళ్లమే కదా, ఈ పొద్దుకు పోనియ్," అని బతిమాలింది. "సరే గానీ చెల్లెమ్మా, సంచి జిప్పు మాత్రం తియ్యకు. తీశావో, నా ఉజ్జోగం ఖలాస్," అని నవ్వుతూ తలుపు తీశాడతను. లోపల నూరా వణికిపోతూ ఏడుస్తుంటే చూడలేక రెడ్డెమ్మ జిప్పు తీసింది. పిల్లి కాస్తా ఎగిరి ఎవరో పెద్దావిడ ఒళ్లో పడింది. "దీన్నెవరు రానిచ్చారు?" అని మేనేజరు గద్దించేసరికి, రెడ్డెమ్మ కుడిచెయ్యి దానంతటదే లేచి గంగరాజును చూపించింది.

గుమ్మం కాపలా పోయి, ఇప్పుడతను బయట మండుటెండలో కార్లు పెట్టించే పనిలో ఉన్నాడు. నిన్న వీళ్లు కారు దిగగానే పరుగున వచ్చి, "పిల్లికి ఎండ తగులుద్ది చెల్లెమ్మా, ఇది పట్టు," అని తన గొడుగు చాచాడు. ఎడమచేత్తో అందుకోవడం మర్యాద కాదని రెడ్డెమ్మకు తెలుసు. అయినా కుడిచెయ్యి చున్నీలోంచి బయటికి రానంది.