సీపీయూ మీద తుండు

ఇప్పటి పిల్లలు కంప్యూటరు ముందు కూచుని ఒక మీట నొక్కి కోడు మెర్జ్ చేశామంటారు. కాఫీ తాగి వచ్చేలోగా అయిపోతుంది. కాకపోతే ఎవరు రాసిన ఏ లైనులో తప్పుందో యంత్రమే ఎర్ర అక్షరాల్లో చూపిస్తుంది, ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనరు. అది చూస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, విరుదునగరంలో ఒక పప్పుల మండీ మేడమీద మాకు ఎర్ర అక్షరాలు లేవు, ఎర్ర తుండు (భుజాన వేసుకునే తువ్వాలు) ఒకటి ఉండేది. ఆ తుండు మీద నా కోపం ఇన్నేళ్ళయినా చల్లారలేదు. రాస్తేనైనా చల్లారుతుందేమోనని మొదలుపెట్టాను గానీ, రెండో వాక్యానికే మళ్ళీ రాజుకుంది.

మాది కోవిల్‌పట్టి. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే తమిళం (మా తెలుగు విని ఆంధ్ర నుంచి వచ్చినవాళ్ళు ముసిముసిగా నవ్వుతారు, నవ్వనీండి, వాళ్ళ ఇడ్లీ తిని మేం నవ్వామా?). చదువయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం ఆ మేడమీది కంపెనీలో. శివకాశి పటాకుల దుకాణాలు, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలు, ప్రింటింగ్ ప్రెస్సులు, నూనె మిల్లులు, పప్పు మిల్లులు, అందరికీ బిల్లులు వేసే ప్రోగ్రాములు మేమే రాసేవాళ్ళం. ఎవరి ప్రోగ్రాము వాళ్ళకు విడిగా పెట్టుకోకూడదా అని మీరడుగుతారు. నేనూ అడిగాను. కొత్తగా వచ్చిన పిల్ల నోరెత్తడమేమిటన్నట్టు చూశారు. అందరి కోడూ రిపాజిటరీ అనే ఒకే కొట్టులో, పంపకాలు జరగని ఉమ్మడి కుటుంబంలా ఉండేది. పన్ను లెక్కకట్టే ముక్క అందరికీ ఒకటే. పటాకుల వాళ్ళ కోసం దాన్ని ఒకరు సవరిస్తే మర్నాడు పప్పు మిల్లులో బిల్లు తప్పేది, మిల్లు గుమాస్తా ఫోన్ చేసి మా ఏడు తరాల వాళ్ళనూ తల్చుకునేవాడు.

అందుకని ఎవరి మార్పులు వారు విడిగా చేసుకుని, చివరికి అందరి కోడులో కలపాలి. అదే మెర్జ్. కలిపాక మొత్తాన్నీ ఒకసారి వండి చూడాలి, ఉడికిందో లేదో. అది బిల్డ్. ఈ వంటకు గది మూలన ఒకే ఒక్క మిషను. ఒకప్పుడు ఇద్దరు ఒకేసారి కలిపేసి గొడవయిందట. అప్పుడు మా సీనియర్ అన్న ఒక ఉపాయం కనిపెట్టాడు. మా పక్క బస్సులు ఆగకముందే కిటికీలోంచి తుండు విసిరి సీటు పట్టడం మీకు తెలుసుగా? తుండు పడ్డ సీటు తుండు వాడిదే. కండక్టరు కూడా కాదనడు. అన్న తన భుజం మీది ఎర్ర తుండు తీసి ఆ మిషను సీపీయూ పెట్టె మీద కప్పి, "తుండు ఎవురు ఏస్తే వాళ్ళదే మెర్జ్. తుండు తీసినంక ఇంగొకరు" అన్నాడట. ఆనాటి నుంచి అది శాసనం. ఆయనకు తుండన్న అని పేరు కూడా పడిపోయింది. కోవిల్‌పట్టి అవతల నల్లరేగడి ఊళ్ళో భూములున్న తెలుగింటి మనిషి. ఆఫీసులో నాతో తెలుగు మాట్లాడేది ఆయనొక్కడే, కాబట్టి నన్ను తెలుగులో తిట్టే హక్కు కూడా ఆయనొక్కడికే ఉండేది.

ఇంకొక శాసనం కూడా ఉండేది. ఎవరి మెర్జ్ వల్ల బిల్డ్ చెడుతుందో వాళ్ళు అందరికీ కడలమిట్టాయి పెట్టాలి. మిగతావాళ్ళు ఎదురు కొట్లో కొని మూతి తుడుచుకునేవాళ్ళు. నేను మాత్రం కోవిల్‌పట్టి దాన్ని కాబట్టి అసలైన సరుకు మా ఊరి నుంచే మోసుకురావాలట! వేరుశెనగ మిఠాయికి పేరుపడ్డ ఊళ్ళో పుట్టడం నేను చేసిన నేరమా?

నేను చేరి కొన్ని నెలలు కాగానే ముదలాళి (యజమానిని అందరం అలాగే పిలిచేవాళ్ళం) నన్ను గదిలోకి పిలిచి, పాత కంపైలర్ (కోడును వండిపెట్టే ప్రోగ్రాము) ముసలిదైపోయింది, కోడంతా కొత్తదానికి మార్చే పని నీది, పటాకుల ఆర్డర్లు ముమ్మరమయ్యేలోగా మెర్జ్ అయితే నువ్వు పర్మనెంట్, కాకపోతే వేరే చోటు చూసుకో అన్నాడు. వేరే చోటు నాకోసం సిద్ధంగానే ఉంది, అదే నా భయం. మా చిన్నాయన పనిచేసే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో, గంధకం వాసన మధ్య, సరుకు లెక్కలు రాసే కుర్చీ ఒకటి నాకని చెప్పి పెట్టాడు. "సాఫ్టువేరు బోతే పోనీ, అగ్గిపెట్టెలు ఏ కాలానికీ పోవు" అని వారానికోసారి గుర్తు చేసేవాడు. నాకా కుర్చీ వద్దు. ఆ మేడమీది పనే కావాలి. ఎందుకంటే ఏం చెప్పను, అది నాకు చేతనయిన పని, అంతే.

పొద్దస్తమానం కూచుని కోడంతా కొత్త కంపైలర్‌కు అనువుగా సరిచేశాను. నా మిషనులో ముక్కలు ముక్కలుగా వండి చూస్తే అన్నీ ఉడికాయి. ఇక తుండు వేసి మెర్జ్ చేశాను. మిగతావాళ్ళు మార్చిన కాస్తంత ముక్కను వండుకుంటే సరిపోయేది, వాళ్ళది తాలింపు. నాది పెళ్ళివంట, కంపైలరే మారింది కాబట్టి మొదటి గింజ నుంచీ అంతా వండాలి. పొద్దున పొయ్యి వెలిగిస్తే మధ్యాహ్నం దాటేది. సగంలో పప్పు మిల్లు దగ్గర తప్పని చెప్పి ఆగిపోయింది. ఆ ఫైలు నేను ముట్టుకోనైనా లేదు. వెతికితే తప్పేమీ లేదు. మళ్ళీ వేస్తే ఈసారి పప్పు మిల్లు దాటి ప్రింటింగ్ ప్రెస్సు దగ్గర ఆగింది. అక్కడా తప్పు లేదు. మళ్ళీ నూనె మిల్లు. ఒకసారి మిషనే చెప్పాపెట్టకుండా ఆగి, మళ్ళీ తనంతట తనే లేచింది.

ప్రతిసారీ మిట్టాయి. ఊరి నుంచి పొట్లాలు మోసి మోసి నా చేతులు పడిపోయాయి. మా అవ్వకు అనుమానం వచ్చింది. "ఏమే పాపా, మీ ఆపీసులో వేల చేస్తాండారా, మిట్టాయి తింటాండారా?" అంది (వేల అంటే పని). చిన్నాయన ఆ మాట పట్టుకుని, మా కంపెనీ వాళ్ళు నన్ను సరుకు తెచ్చే మనిషిగా పెట్టుకున్నారని వీధంతా చెప్పాడు.

ఆఫీసులో తుండన్న తీర్పు సిద్ధంగా ఉండేది. నోటినిండా మిట్టాయితో, "కొత్త కంపైలరు మన ఊరికి ఒత్తుకోలే పాపా. పాతది నల్లరేగడి మాదిరి, మెల్లంగా తాగతాది, గట్టిగా పట్టుకుంటాది" అన్నాడు.

"తప్పు కంపైలర్‌దయితే ఒకే తావున రావాల గదాన్నా. నిన్న మిల్లులో వచ్చె, ఇయాల ప్రెస్సులో వచ్చె. ఎట్ల?" అన్నాను.

"కన్ను పడిండాది. నిమ్మకాయ కట్టు."

ఇంజనీరింగ్ చదివిన మనిషి! నాకు వచ్చిన కోపానికి ఆ నిమ్మకాయ ఆయన నెత్తినే పిండాలనిపించింది. (కట్టాను. అంత దిగజారాను. నిమ్మకాయ కట్టిన రోజు కూడా బిల్డ్ చెడింది, నిమ్మకాయ ఎండిపోయింది.)

కత్తిరి ఎండలు మండిపోతున్నాయి. ఏసీ ముదలాళి గదిలో మాత్రమే, మాకూ మిషనుకూ రెక్కల ఫ్యానే గతి. గడువు దగ్గరపడింది. అప్పుడు మురుగన్ పండగ, వైకాసి విశాకం వచ్చింది. తుండన్న కళుగుమలై కొండకు పోయాడు, పోతూ పోతూ తుండు భుజాన వేసుకుపోయాడు. తుండు లేదు కాబట్టి ఆరోజు మెర్జ్ లేదని అందరూ హాయిగా కాళ్ళు చాపుకున్నారు. నాకు చిర్రెత్తింది. ఒక మనిషి మొక్కు తీర్చుకోవడానికి పోతే కంపెనీ ఆగిపోవాలా? తుండూ లేదు గిండూ లేదని చెప్పి మెర్జ్ వేశాను. పప్పు మిల్లు దాటింది. ప్రెస్సు దాటింది. నూనె మిల్లు, పటాకులు, అగ్గిపెట్టెలు, అన్నీ దాటి చివరిదాకా పోయి, అంతా సవ్యంగా అయిందని తెర మీద చూపించింది. నేను కుర్చీలోంచి లేచి అరిచిన అరుపుకు కింద మండీలో మూటలు మోసేవాళ్ళు పైకి వచ్చారు.

మర్నాడు వచ్చేసరికి నా మెర్జ్ లేదు. తుండన్న వెనక్కి తీసేశాడు!

"తుండు లేని మెర్జ్ చెల్లదు పాపా. ఇయాల నువ్వు చేస్తే రేపు అందరూ చేస్తారు" అన్నాడు, నుదుటి విభూతి ఇంకా చెరగలేదు.

"పాసయింది గదన్నా!"

"పాసు కాక? కొండ మీద నీ కోసరం గూడా దండం పెట్టుకుంటి గదా."

చూశారా? పాసయిన పుణ్యం ఆయనది, చెల్లని మెర్జ్ నాది. నేరుగా ముదలాళి దగ్గరికి పోయాను. ఆయన పెద్దమనిషి తీర్పు చెప్పాడు. పాసయ్యేదయితే మళ్ళీ పాసవుతుంది కదా, తుండు వేసే చెయ్యి, నేనే వచ్చి కూచుంటాను, ఇదే ఆఖరిసారి అన్నాడు. తుండు వేశాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అన్న వెనక నిలబడ్డాడు. ప్రెస్సు దాకా పోయి బిల్డ్ చచ్చింది.

"చూసినారా?" అన్నాడు అన్న.

నాకు ఏడుపు రావలసింది. రాలేదు, కోపం వచ్చింది. అగ్గిపెట్టెల కుర్చీ, గంధకం వాసన, వీధిలో చిన్నాయన నవ్వు, అన్నీ ఒకేసారి కళ్ళముందుకు వచ్చాయి. ఈ తుండు ఈయన మొహాన కొట్టి, నీ శాసనానికీ నీ కంపెనీకీ ఒక దండమని చెప్పి మెట్లు దిగిపోదామని తుండును విసురుగా లాగాను. విసరబోయి ఆగిపోయాను. తుండు ఇస్త్రీ పెట్టె కింద నుంచి ఇప్పుడే తీసినట్టు కాలుతోంది.

సీపీయూ పెట్టె మీద చెయ్యి పెట్టాను. చురుక్కుమంది. వెనక గాలి పోయే కంతలన్నీ ఇన్నాళ్ళూ ఆ తుండు కిందే ఉన్నాయి. తాలింపులవాళ్ళు పెట్టె వేడెక్కేలోగా తుండు తీసుకుపోయేవారు. పెళ్ళివంట దాన్నయిన నేను ఆ ఎండల్లో దాని నోరూ ముక్కూ మూసి గంటల తరబడి పనిచేయిస్తే, వేడికి మతిపోయి లేని తప్పులు చెప్పింది. నిన్న తుండు కొండెక్కింది, బిల్డ్ గట్టెక్కింది.

"మీరే చెయ్యి పెట్టి చూడండి" అన్నాను ముదలాళితో. ఆయన పెట్టి "అప్పా!" అని వెనక్కి లాక్కున్నాడు. తుండన్న మాత్రం వెనుకంజ వేసే మనిషి కాదు. చెయ్యి ఆనించి, "యాడ? అంత సూడేమీ లేదే" అని వేడి ఒప్పుకోకుండా అక్కడే ఉంచాడు, కళ్ళలో మాత్రం నీళ్ళు తిరిగాయి.

పెట్టె చల్లారనిచ్చి మళ్ళీ మొదలుపెట్టాను. తుండేదీ అని అన్న నోరు తెరిచాడు. నేను దాన్ని తీసి నా భుజాన వేసుకుని మిషను పక్కన నిలబడ్డాను. "తుండు ఉండాది గదన్నా. పెట్టె మీద లేదు, నా మీద ఉండాది. చాలునా?" అన్నాను. ఆడపిల్ల భుజాన ఎర్ర తుండు వేసుకుని కాపలా నిలబడితే, బిల్లు సంగతి మాట్లాడడానికి వచ్చిన నూనె మిల్లు ఆసామి గుమ్మంలోనే నిలబడిపోయి, ముదలాళి మారిపోయాడా అని అడిగాడు. అడగనీ అనుకుని నేను కదల్లేదు. మిల్లులు దాటి, ప్రెస్సులు దాటి, అంతా ఉడికింది. ముదలాళి లేచి, సరే నువ్వు పర్మనెంట్, ఇకమీదట తుండు కుర్చీ మీద వేయండి అని చెప్పి ఏసీ గదిలోకి పోయాడు. అంతే! ఒక్క క్షమాపణ లేదు. నేను మోసిన మిట్టాయి ఊసు లేదు. "తుండు తప్పేమి ఉండాది పాపా? ఆ పెట్టెకి ఓర్పు లే" అన్నాడు తుండన్న, బొబ్బ ఊదుకుంటూ. ఆయన ఇప్పుడు ఊళ్ళో సేద్యం చేసుకుంటున్నాడని విన్నాను, భుజాన తుండు ఉండే ఉంటుంది.

మొన్న విరుదునగరంలో కోవిల్‌పట్టి బస్సెక్కాను. బస్సు కిక్కిరిసి ఉంది, ఒక్క సీటు తప్ప. దాని మీద ఎర్ర తుండు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న కుర్రాడొకడు దాన్ని పక్కకు నెట్టి కూర్చోబోయాడు. నాకెక్కడి నుంచి వచ్చిందో ఆ గొంతు, "తుండు కనపడలేదా తంబీ?" అని తమిళంలో గద్దించాను. వాడు బిక్కచచ్చి, ఎవరూ రాలేదు కదక్కా, పోనీ మీరే కూర్చోండి అన్నాడు. నేనా! తుండు వేసిన సీట్లోనా! బస్సు బయల్దేరింది, సాత్తూరు దాటింది, ఆ తుండు ఆసామి ఎక్కనే లేదు. ఎక్కడ దిగబడిపోయాడో. వాడూ నేనూ దారిపొడుగునా నిలబడే వచ్చాం, తుండు మాత్రం దర్జాగా కిటికీ పక్కన కూర్చుని వచ్చింది. కాళ్ళు పీకుతుంటే నా మీద నాకే నవ్వొచ్చింది. కోవిల్‌పట్టిలో దిగబోతూ వంగి, ఎవరూ చూడకుండా, ఆ తుండును ఒకసారి తాకి చూశాను. చల్లగానే ఉంది.