నాయన కొట్టిన జొన్నరొట్టె

మా దిక్కు ఎవరైనా పోతే, దినాలు అయ్యాక ఆ ఇంటివాళ్లను చుట్టాలు నిద్రకు తీసుకుపోతారు. తలకు నూనె పెట్టి నీళ్లు పోసి, ఇంత మంచి కూర వండిపెట్టి, ఒక రాత్రి తమ ఇంట్లో పడుకోబెట్టి పంపుతారు. చావు జరిగిన ఇంట్లోంచి మనిషిని కాస్త బయటికి లాగడానికి పెద్దవాళ్లు పెట్టిన పద్ధతి అది. మా అమ్మ పోయినప్పుడు నన్నూ మా నాయననూ అట్లా మూడు ఊళ్లు తిప్పారు. ఆ తిరుగుడు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపు కంటే ముందు నవ్వే వస్తుంది. ఎవరేమనుకున్నా సరే.

పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడు. అంతకుముందు రజాకార్ల భయానికి పొద్దుగూకితే ఎవరూ ఊరు దాటేవాళ్లు కాదు. సొంతవాళ్లు పోయినా వెళ్లలేక ఇంట్లోనే కూర్చుని ఏడ్చినవాళ్లున్నారు. దారులు తెరుచుకునేసరికి చుట్టాలందరికీ ఆ కొరత మా మీదే తీర్చుకోవాలనిపించినట్టుంది. నడిగూడెం దగ్గరి మా పల్లెకు వచ్చి, మా ఇంటికి ముందు రావాలంటే మా ఇంటికని వాకిట్లో పోట్లాడుకున్నారు.

నాకప్పుడు పదహారేళ్లు. పెళ్లై ఏడాదైంది. అమ్మానాయనలకు నేనొక్కతే బిడ్డను. అమావాస్య దాటాక అత్తగారింటికి వెళ్లిపోవాలి. కానీ నాయన తినడం మానేశాడు. నేను రొట్టె చేసి ముందు పెడితే అంచు తుంచి నోట్లో వేసుకుని, ఆకలి కావట్లేదని పళ్లెం జరిపేవాడు. చూస్తుండగానే మనిషి సగమయ్యాడు. నేను వెళ్లిపోతే ఈయన నోట్లో ముద్ద పెట్టేదెవరు? అమ్మ వెంటే నాయనా పోతాడని నాకు గట్టి భయం పట్టుకుంది. ఆ మాట పైకి అనలేక, దొరికినవాళ్ల మీదల్లా కస్సుమనేదాన్ని.

ముందు బొగ్గుతో నడిచే బస్సెక్కి సూర్యాపేట పోయాం, మేనత్త ఇంటికి. ఆమె మా నాయన మెడ పట్టుకుని ఏడవడం మొదలుపెడితే వాడకట్టులోని ఆడవాళ్లంతా వచ్చారు. వచ్చినవాళ్లకు తమ ఇళ్లల్లో పోయినవాళ్లు తలా ఒకరు గుర్తొచ్చారు. ఇగ నాయనకు చేతినిండా పని. ఒకరికి చెంబుతో నీళ్లివ్వడం, ఒకరిని ఊకోమనడం, ఇంకొకరిని లేపి కూర్చోబెట్టడం. ఓదార్పు కోసం తీసుకొచ్చిన మనిషి దీపాలు పెట్టేదాకా ఓదారుస్తూనే ఉన్నాడు. వండిన కూర వండినట్టే చల్లారిపోయింది.

తర్వాత కోదాడ. అక్కడుండేది మా పెదనాయన, నాయనకు పెదనాన్న కొడుకు. బెజవాడ వర్తకులతో తిరిగి తిరిగి ఆయన మాట సగం అటువైపుకు మళ్లింది. అమ్మ ప్రస్తావన ఎవరూ తేవద్దని ఇంట్లో ముందే తాకీదు చేసి ఉంచాడు. వానల గురించి, ఎడ్ల గురించి చాలాసేపు మాట్లాడి, సరిగ్గా అన్నాల దగ్గర, మఠంపల్లి వైపు ఒక మంచి సంబంధం ఉందన్నాడు. పిల్లలు లేరట, ఇల్లు బాగా చక్కబెడుతుందట. నాయన చెయ్యి కడుక్కుని వెళ్లి ఎడ్ల పక్కన కూర్చున్నాడు. అంత బాగుంటే ఆ సంబంధం నువ్వే చేసుకో పెదనాయనా అన్నాను. ఆయన భార్య నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి పారిపోయింది.

మిగిలింది మిర్యాలగూడ. అక్కడ అమ్మ సొంత అక్క, మా పెద్దమ్మ ఉంటుంది. ఆ ఇంటికి మాత్రం రానని నాయన మొండికేశాడు. పెద్దమ్మ నోరంటే ఆయనకు పెళ్లినాటి నుంచీ దడ. అక్కాచెల్లెళ్లిద్దరూ కలిస్తే కొట్లాడుకునేవాళ్లు, కలవకపోతే బెంగపడేవాళ్లు. పెద్దమ్మే కచ్చరం బండి కట్టించి పంపింది కాబట్టి తప్పలేదు.

పెద్దమ్మ ఏడవలేదు. నాయన మాసిన గడ్డం చూసి నాలుగు తిట్టి, కాగులో నీళ్లు కాచి తలారా పోయించింది. పొయ్యి దగ్గరే పీట వేసి కూర్చోబెట్టి, రొట్టెలు చేస్తూ వేడివేడిగా పళ్లెంలో వేసింది. నాయన అలవాటుగా అంచు తుంచి ఆగిపోయాడు.

"కడుపునిండ తిను మరిదీ," అంది పెద్దమ్మ. "మా చెల్లె చేసిన మాడు రొట్టెలు తిని తిని నీ నాలుక సచ్చిపోయింటది. దానికి పిండి కలుపుడే రాకపాయె."

నాకు ఒళ్లు మండింది. నోరు తెరిచేలోపే నాయన తలెత్తాడు.

"తెలువకుంటె ఊకో వదినె. ఆమె రొట్టె లెక్క ఈ జిల్లాల ఎవలకు రాదు."

"గట్లనా. ఏం జేస్తుండెనో నువ్వు సేసి సూపియ్యి మరి."

పిండి పళ్లెం ఆయన ముందుకు తోసింది. పొయ్యి ఎటు తిరిగి ఉంటుందో తెలియని మనిషి మా నాయన. కోపంలో ముందుకు జరిగాడు. వేణ్ణీళ్లు పోసి కలిపాడు, వేళ్లు కాలి ఊదుకున్నాడు. ముద్ద చేసి పీట మీద పెట్టాడు. కొట్టబోయే ముందు కుడిచేత్తో ఎడమ ముంజేతిని, ఎడమచేత్తో కుడి ముంజేతిని మోచేతి వైపుకు ఒకసారి తోసుకున్నాడు.

అమ్మ గాజులు. రొట్టె కొట్టబోయే ముందు అమ్మ గాజులు అట్లాగే పైకి తోసుకునేది. నాయన చేతులకు గాజులెక్కడివి? ఇన్నేళ్లూ గడపలో కూర్చుని ఆమెను ఎంతగా చూశాడో, రొట్టె చేయడమంటే అది కూడా అందులో భాగమే అనుకున్నాడు.

ముందు పెద్దమ్మ నవ్వింది. తర్వాత నేను. నాయన మా ఇద్దరినీ చూసి, తన ముంజేతులు చూసుకుని, తనూ నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వులోనే రొట్టెను పెంక మీదికి ఎత్తబోతే అది మూడు ముక్కలైంది. ఇంకా నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ నాయన భోరుమన్నాడు. అమ్మ పోయాక ఆయన ఏడవడం అదే మొదలు. పెద్దమ్మ ఆపలేదు, తన కళ్లూ తుడుచుకోలేదు, ముక్కలు మాత్రం మాడకుండా తిప్పింది. ఆ రాత్రి నాయన అమ్మ గురించి చెప్తూనే ఉన్నాడు, పెద్దమ్మ ప్రతిదానికీ కాదంటూనే ఉంది, ఆ వాదనలో తను చేసిన ముక్కలూ ఆమె చేసిన రొట్టెలూ అన్నీ తినేశాడు. నాకెంత సంతోషమైందంటే, వెళ్లి పెద్దమ్మను వెనక నుంచి గట్టిగా పట్టుకున్నాను.

పడుకునేటప్పుడు అడిగాను, అమ్మ రొట్టెలను అట్లా ఎందుకన్నావని. "నేను గూడ ఏడుస్త కూసుంటె వాడు ఎన్నడు తినాలె? మీ అమ్మ రొట్టె నాకు ఇప్పటికి రాదు బిడ్డా," అని అటు తిరిగి పడుకుంది.

ఇంటికొచ్చిన తెల్లారి టపటప చప్పుడుకు మెలకువ వచ్చింది. ఒక్క క్షణం అమ్మే అనుకున్నాను. లేచి చూస్తే పొయ్యి ముందు నాయన, మోచేతుల దాకా పిండి. పీట మీది రొట్టెను ఎత్తబోయి మళ్లీ విరగ్గొట్టాడు. ఆ ముక్కలు కాల్చుకుని, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ నా ముందే మొత్తం తిన్నాడు.

"ఇగ నువ్వు నిమ్మళంగ అత్తగారింటికి పో," అన్నాడు. "ఇరిగిందని మాత్రం మీ పెద్దమ్మకు సెప్పకు."

అమావాస్య దాటాక నా పెట్టె సర్దుకున్నాను. పెద్దమ్మకు చెప్పకుండా ఉండటం మాత్రం నా వల్ల కాలేదు.