'పని లేదు' అన్న మాట కొట్టేయించిన మామ్మ

డెబ్బైల మొదట్లో హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక పల్లెలో నేను కొత్త టీచర్ని. జనాభా లెక్కల పని మా మీద పడింది. సాయంత్రం బడి వదిలాక కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేదాన్ని.

చర్చి వెనక వీధిలో ఒకాయన నన్ను మంచం మీద కూర్చోబెట్టి ఇంట్లో అందరి వివరాలూ చెప్పాడు. ఆఖర్న, "మా అమ్మకి డెబ్బై దాటాయండి. ఏ పనీ లేదు. ఇంటిపట్టునే ఉంటది," అన్నాడు.

అలాగే రాశాను. అంతలో ఆ తల్లే పెరటి దారిన వచ్చింది, నెత్తిన మినప కట్టె మోపుతో. మోపు దించి, "నా గురించి ఏం రాశావమ్మా?" అని అడిగింది. చదివి వినిపించాను.

"కొట్టెయ్యి. పొద్దున్నుంచి మినుము పీకి వస్తన్నా."

కొడుకు ముఖం మాడిపోయింది. "ఊరుకోమ్మా. ముసలిదాన్ని కూలికి పంపుతున్నాడని నలుగురూ నన్ననరా?"

"నీ పరువు కోసం నేను పనికిమాలినదాన్నవ్వాలంట్రా? మంచాన పడ్డనాడు రాయించుకో. నువ్వు రాయమ్మా."

కొట్టేసి, 'వ్యవసాయ కూలీ' అని రాశాను. మా నాయనమ్మ తరంలో అరవై దాటినవాళ్లు ఎక్కడో ఒకరు. ఆ ఏడు లెక్కల్లో మాత్రం వీధికి ముగ్గురు నలుగురు ఉన్నారు. వాళ్లందరినీ ఖాళీగా కూర్చున్నవాళ్లుగా రాసుకుంటూ వచ్చానని అప్పుడు తట్టింది. వెనక్కి తిరిగి, చూసిన ఇళ్లన్నిటికీ మళ్లీ వెళ్లి ముసలివాళ్లనే అడిగాను.

మా పై అధికారి ఆ కాగితాలు చూసి మండిపడ్డాడు.

"మందులొచ్చి ముసలాళ్లు ఎక్కువ కాలం బతుకుతున్నారు, నిజమే. అంతమాత్రాన అందరూ కూలీలేనా? ఇంటి యజమాని చెప్పింది రాయాలమ్మా. దిద్దెయ్యి."

"దిద్దనండి. కావాలంటే పొలానికొచ్చి చూడండి."

ఉద్యోగం కొత్త. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు పొద్దున్నే ఆయన నిజంగానే పొలానికి వచ్చాడు. మినుము పీకుతూ, తన కోడలి కంటే నాలుగు బారలు ముందుంది మామ్మ. ఆయన గట్టు మీద నిలబడి, "ఈ వయసులో నీకెందుకమ్మా ఈ కష్టం?" అన్నాడు.

ఆమె నడుమెత్తలేదు. "కష్టమో సుఖమో నేను చూసుకుంటా. చేస్తున్నానా లేదా, అది చూసుకో బాబూ."

ఆయన గట్టు మీదే మామ్మ ఇంటి కాగితం మీద సంతకం పెట్టాడు. సైకిలెక్కుతూ, "మిగతా ఇళ్లలో మాత్రం యజమానినే అడుగు," అన్నాడు.

"ముసలివాళ్లనే అడుగుతానండి," అన్నాను.

ఆ సాయంత్రమూ అలాగే అడిగాను.